విండోస్‌లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్: ఏళ్ల తరబడి వాడాక ఖాతాల గురించి నాలుగు మాటలు

విండోస్ సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి మొదట సిగ్విన్‌తో (విండోస్‌లో యూనిక్స్ తరహా ప్రోగ్రాములు నడిపించే కూర్పు) వచ్చే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌ను చాలాకాలం వాడాను. ఎస్ఎస్‌హెచ్ అంటే నెట్‌వర్క్ మీదుగా సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి, ఓపెన్ఎస్ఎస్‌హెచ్ దాన్ని అందించే ప్రోగ్రాము. తర్వాత మైక్రోసాఫ్ట్ స్వయంగా అందించే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కు మారాను. వేగంలో, ఫైళ్ల బదిలీలో, రోజువారీ నమ్మకంలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా నాకు కనిపించలేదు. తేడా అంతా ఏ పని ఏ ఖాతా పేరు మీద నడుస్తోందన్న దగ్గరే ఉంది. సర్వర్ నన్ను ఎప్పుడు ఏడిపించినా కారణం అక్కడే దొరికింది కాబట్టి ఈ సమీక్ష కూడా దాని గురించే.

లాగిన్ సర్వర్‌ది ఇరకాటపు ఉద్యోగం. ఎవరు వచ్చినా వారి పేరుతో సెషన్ తెరవాలి కనుక దానికి సర్వాధికారాలు కావాలి. తాను ఎవరో ఇంకా రుజువు చేసుకోని అపరిచితుడు పంపే డేటాను చదవాల్సిందీ అదే. ఈ రెండు పనులనూ విడదీయడమే అధికార విభజన. నీల్స్ ప్రోవోస్ రూపొందించిన ఈ పద్ధతి 2002లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో చేరింది. అధికారాలున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) వెనక ఉంటుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చేదాన్ని చదివే ప్రాసెస్‌కు ఏ అధికారమూ ఉండదు. దానిలో లోపం బయటపడినా, చొరబడినవాడి చేతికి చిక్కేది ఎందుకూ కొరగాని ఖాతా. 2017లో వచ్చిన 7.5 వెర్షన్ నుంచి దీన్ని ఆపేసే వీలు కూడా లేదు. ఆపుకోనిస్తే ఆపేసేవాళ్లే ఎక్కువ కనుక మంచి పనే చేశారు.

యూనిక్స్‌లో ఇదంతా తేలిక. సర్వాధికారాలున్న రూట్ ఖాతా ఎవరిగానైనా మారిపోగలదు. విండోస్‌లో అలా కుదరదు. ఒకరి పేరుతో ప్రాసెస్ నడపాలంటే వారి టోకెన్, అంటే వారెవరో, వారికి ఏ హక్కులున్నాయో విండోస్‌కు చెప్పే గుర్తింపు, ఉండాలి. పాస్‌వర్డ్ ఇస్తే టోకెన్ వస్తుంది. కీతో (పాస్‌వర్డ్‌కు బదులు వాడే గుర్తింపు ఫైలు) లాగిన్ అయితే పాస్‌వర్డ్ ఉండదు, సర్వరే టోకెన్ సంపాదించుకోవాలి. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

విండోస్ సర్వర్ 2003 నుంచి, విండోస్ సొంత ఖాతా అయిన సిస్టమ్ (లోకల్ సిస్టమ్ అన్నా ఇదే) కింద నడిచే సర్వీసులకు, అంటే తెరవెనక నడిచే ప్రోగ్రాములకు, టోకెన్ తయారుచేసే హక్కు లేకుండా పోయింది. అందుకని సిగ్విన్ అమరిక స్క్రిప్టు రెండు ఖాతాలు సృష్టించేది. ఎస్ఎస్‌హెచ్‌డీ అనేది విభజన కోసం పెట్టిన ఉత్త ఖాతా. సిగ్_సర్వర్ అనేది సర్వీసును నడిపే ఖాతా. అడ్మినిస్ట్రేటర్ల గుంపులో సభ్యత్వం, టోకెన్ సృష్టించే హక్కు, ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగంగా వ్యవహరించే హక్కు, సర్వీసుగా లాగిన్ అయ్యే హక్కు అన్నీ ఈ రెండోదానికే. పైగా దానికి మామూలు పాస్‌వర్డ్ ఒకటి. అధికారాలు తగ్గించడానికి మొదలుపెట్టిన పని, యంత్రం మొత్తంలో అందరికంటే బలమైన ఖాతాను తెచ్చి కూర్చోబెట్టింది. విభజన కూడా సగమే. ధ్రువీకరణ పూర్తయ్యేదాకానే అది సిగ్విన్‌లో పనిచేసేది.

ఆ ఖాతాతో పడ్డ పాట్లలో ఒకటి చెప్పాలి. డొమైన్‌లో (ఒకే చోటు నుంచి నిర్వహించే యంత్రాల సమూహం) ఎవరో గ్రూప్ పాలసీ, అంటే ఆ యంత్రాలన్నిటికీ ఒకేసారి వర్తించే అమరికల ద్వారా ‘సర్వీసుగా లాగిన్ అయ్యే హక్కు’ జాబితాను నిర్దేశించారు. అలా వచ్చిన జాబితా యంత్రంలో ఉన్నదానికి కలవదు, దాన్ని పూర్తిగా తుడిచి దాని చోటులో కూర్చుంటుంది. సిగ్_సర్వర్ పేరు అందులో లేదు. అయినా అప్పటికే నడుస్తున్న సర్వీసు నిక్షేపంగా నడిచింది, ఎవరికీ అనుమానం రాలేదు. అప్‌డేట్ల తర్వాత రీబూట్ అయినప్పుడు మాత్రం 1069 ఎర్రర్‌తో మొరాయించింది. లాగిన్ విఫలమైందనే తప్ప ఆ ఎర్రర్ ఇంకేమీ చెప్పదు, అందరి చూపూ పాస్‌వర్డ్ మీదికే పోతుంది. సిస్టమ్ లాగ్‌లో 7041 ఈవెంట్ చూస్తే కానీ, పోయింది హక్కని తేలదు. అదే పాలసీ కింద ఉన్న ఇతర సర్వర్లన్నీ రీబూట్ కోసం ఎదురుచూస్తున్న బాంబుల్లా కనిపించాయి.

న్యాయంగా ఒక మాట: 2019లో వచ్చిన సిగ్విన్ 3.0 ఈ తలనొప్పిని తీసేసింది. పాస్‌వర్డ్ లేకుండానే టోకెన్ పొందే మరో పద్ధతికి మారడంతో సర్వీసు లోకల్ సిస్టమ్ కిందే నడుస్తుంది. పాత అమరికలో మిగిలిపోయిన సిగ్_సర్వర్ ఖాతాలు మీ యంత్రాల్లో ఇంకా ఉన్నాయేమో వెతికి తీసేయండి.

మైక్రోసాఫ్ట్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ విండోస్ సర్వర్ 2019, విండోస్ 10 1809 నుంచి ఐచ్ఛిక సదుపాయంగా దొరుకుతోంది. ఇందులో సర్వీసు లోకల్ సిస్టమ్ కిందే నడుస్తుంది. పాస్‌వర్డ్ గడువు బెడద లేదు. విభజన కోసం శాశ్వతమైన ఖాతా కూడా లేదు. ప్రతి కనెక్షన్‌కూ అప్పటికప్పుడు ఒక వర్చువల్ ఖాతా పుడుతుంది. సెక్యూరిటీ లాగ్‌లో 4624 ఈవెంట్ తెరిస్తే ‘వర్చువల్ యూజర్స్’ అనే డొమైన్ పేరు, ఎస్ఎస్‌హెచ్‌డీ తర్వాత అండర్‌స్కోరు, ఒక ప్రాసెస్ నంబరు కనిపిస్తాయి. యూజర్ల జాబితాలో ఆ పేరు ఎంత వెతికినా ఉండదు. లాగ్‌లు చూసేవారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఎవరో చొరబడ్డారని హడావిడి తప్పదు.

దీనిలో నాకు బాగా నచ్చినది, చాలామంది తిట్టుకునేది ఒకటే: అడ్మినిస్ట్రేటర్ల కీలు వారి సొంత ఫోల్డరులో పెడితే సర్వర్ పట్టించుకోదు. ప్రోగ్రామ్‌డేటాలోని ఎస్ఎస్‌హెచ్ ఫోల్డరులో వారందరికీ కలిపి వేరే ఫైలు ఉంటుంది. దాని మీద సిస్టమ్‌కూ అడ్మినిస్ట్రేటర్ల గుంపుకూ తప్ప ఇంకెవరికీ అనుమతి ఉండకూడదు. ఉంటే సర్వర్ ఆ ఫైలును తిరస్కరిస్తుంది. ఇంత పట్టుదల దేనికంటే, ఎస్ఎస్‌హెచ్ ద్వారా వచ్చిన అడ్మినిస్ట్రేటర్‌కు పూర్తి అధికారాలతోనే సెషన్ తెరుచుకుంటుంది. అనుమతి అడిగే కిటికీ ఏదీ రాదు. కీల ఫైలు సొంత ఫోల్డరులో ఉంటే, ఆ యూజరు మామూలు అధికారాలతో నడిపే ఏ ప్రోగ్రామైనా అందులో తన కీ చేర్చుకుని, అదే యంత్రంలోకి లాగిన్ అయి, పూర్తి అధికారాలు పట్టేయగలదు. కీ పనిచేయడం లేదని మొరపెట్టుకునేవారికి, కాన్ఫిగ్ ఫైలు చివర అడ్మినిస్ట్రేటర్ల గుంపు గురించి ఉన్న రెండు పంక్తులను తీసేయమని సలహా ఇస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఫైళ్ల అనుమతులు మార్చే ఐసీఏసీఎల్ఎస్ ఆదేశంతో, పై ఫోల్డరు నుంచి వారసత్వంగా వచ్చిన అనుమతులు తొలగించి ఆ ఇద్దరికే హక్కులివ్వడం ఒక్క నిమిషం పని.

నా అమరికలో రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాని ఖాతా ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్లకు కీ మాత్రమే, పాస్‌వర్డ్ లాగిన్ లేదు. లోపలికి ఎవరు రావచ్చో గుంపు పేరుతో నిర్దేశిస్తాను. పేర్లు ఇంగ్లిష్ చిన్న బడి అక్షరాల్లో (లోయర్‌కేస్) రాయాలి. సర్వర్ 2025లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక గుంపు సిద్ధంగానే వస్తుంది.

రెండు ఫిర్యాదులు మిగిలాయి. కీతో లాగిన్ అయిన సెషన్ నుంచి వేరే యంత్రంలోని షేర్డ్ ఫోల్డరు తెరవబోతే నిరాకరణ ఎదురవుతుంది, ఎందుకంటే అవతలి యంత్రానికి చూపించడానికి పాస్‌వర్డ్ లేదు. నేను బ్యాకప్‌లను ఇక్కడి నుంచి అటు పంపడం మానేసి, అటు నుంచే ఎస్ఎఫ్‌టీపీతో (ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు బదిలీ చేసే పద్ధతి) లాక్కునేలా మార్చుకున్నాను. రెండోది, యూజరును ఒక ఫోల్డరుకే పరిమితం చేసే క్రూట్ అమరిక ఎస్ఎఫ్‌టీపీ వరకే పనిచేస్తుంది. అదే ఖాతాకు కమాండ్ ప్రాంప్ట్ దొరికితే ఆ హద్దు ఉండదు. కాబట్టి ఫైళ్లు పంపుకోవడానికి మాత్రమే వచ్చే ఖాతాలకు ఎస్ఎఫ్‌టీపీని తప్పనిసరి ఆదేశంగా పెట్టి, కమాండ్ ప్రాంప్ట్ దారి మూసేస్తున్నాను.