పోలీసు ఫోర్‌టెన్ మస్కెట్‌తో తొమ్మిదేళ్లు: తుపాకీ బంగారం, తూటాతోనే తంటా

“మామూలు ఫోర్‌టెన్ తూటా వేసుకోవచ్చు, ఏ షాపులోనైనా దొరుకుతుంది” అన్నాడు గన్‌షోలో ఈ తుపాకీ అమ్మినాయన. ఫోర్‌టెన్ అంటే .410, అంగుళాల్లో తుపాకీ గొట్టం సైజు. నమ్మేశాను. మర్నాడు రేంజ్‌లో ఒక ప్లాస్టిక్ తూటా పెట్టి బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) తోస్తే సగందాకా వెళ్లి బిగుసుకుపోయింది. ఇంకాస్త గట్టిగా తోద్దామనుకునేలోపు పక్క బెంచీ మీది పెద్దాయన “ఆగు, ఆగు” అని లేచి వచ్చాడు. ఆయన రాకపోతే ఏం చేసేవాడినో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

నేనుండేది టెక్సస్‌లో. తుపాకీ మాత్రం మన దేశానిదే. బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను పోలీసుల కోసం మార్చి చేసిన .410 మస్కెట్. బ్యారెల్ లోపల గాడులుండవు, అద్దంలా నున్నగా ఉంటుంది. మ్యాగజీన్‌లో ఒక చెక్క దిమ్మ బిగించి ఉంటుంది కాబట్టి ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చాల్సిందే. మా పెద్దమావయ్య హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. ఫోన్‌లో దీని ఫొటో చూపిస్తే “ఓరి దీని దుంపతెగ, నా భుజం అరగదీసింది ఇదేరా” అన్నారు. నేను కొనడానికి అసలు కారణం ఆ కబుర్లే.

కొన్నాక తెలిసిన అసలు సంగతి ఏమిటంటే, దీని తూటా షాపుల్లో దొరికే .410 కాదు. సైనికుల రైఫిల్‌కి వాడే .303 తూటా కేసునే, అంటే మందు ఉండే ఇత్తడి గొట్టాన్నే, మెడ నొక్కకుండా నిటారుగా వదిలేసి ఇందులో వాడారు. షాపు తూటా వెడల్పు అడుగుభాగం దగ్గర సుమారు 12.1 మిల్లీమీటర్లు ఉంటుంది, .303 కేసు 11.7 కూడా ఉండదు. మిల్లీమీటరులో సగం కూడా లేని ఆ తేడా దగ్గరే నా మొదటి తూటా ఆగిపోయింది. బర్మింగ్‌హామ్‌లో గ్రీనర్ కంపెనీ ఈజిప్టు పోలీసులకు చేసిన మార్టినీ తుపాకీది కూడా ఇదే వరస. దానికి ప్రత్యేకమైన 14 బోర్ సైజు తూటా, దాన్ని పేల్చడానికి మూడు మొనల పిన్ను. తుపాకీ ఎవడైనా ఎత్తుకుపోయినా తూటా దొరక్క ఊరుకోవాలని దొరల ఆలోచన. వందేళ్ల తర్వాత నాలాంటివాడు డబ్బిచ్చి కొనుక్కున్నా అదే గతి.

అమెరికాలో చాలామంది ఈ మస్కెట్ల చాంబర్‌ను (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) షాపు తూటాకు సరిపడా పెద్దది చేయించేశారు. కాబట్టి మీ చేతికొచ్చినది ఏ రకమో చూసి చెప్పలేం, అచ్చు పోసి కొలవాలి. సెర్రోసేఫ్ అనే లోహపు కడ్డీ ఒకటి అమ్ముతారు. అది కరగడానికి నీళ్లు మరిగేంత వేడి కూడా అక్కర్లేదు. చాంబర్‌కి కాస్త ముందు బ్యారెల్‌లో గుడ్డ కూరి, కరిగిన లోహం పోసి, గట్టిపడగానే బయటికి తట్టాలి. అది మొదట కొద్దిగా ముడుచుకుని, గంట తర్వాత సరిగ్గా చాంబర్ సైజుకు వస్తుంది. తొందరపడి వెంటనే కొలిస్తే తప్పు లెక్కే. నాది అడుగున 11.8 దగ్గర తేలింది, అంటే ఎవరూ ముట్టుకోలేదన్నమాట. టీ గిన్నెలో కరిగించానని మా ఆవిడ ఆ గిన్నె నాకే రాసిచ్చేసింది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. చాంబర్ మార్చని మస్కెట్‌లో అసలైన .303 తూటా కూడా హాయిగా లోపలికి వెళ్తుంది, బోల్ట్ మూసుకుంటుంది. తుపాకీ మీద పాత రైఫిల్ ముద్రలు అలాగే ఉంటాయి కాబట్టి ఎవడైనా పొరబడతాడు. ఆ ఒత్తిడికి చేసిన బ్యారెల్ కాదిది. అందుకే నా ఇంట్లో .303 తూటా ఒక్కటి కూడా ఉంచను.

ఇక తూటా కట్టడం. కొత్త .303 ఇత్తడి కేసుల మెడను కాల్చి మెత్తబరిచి, కొంచెం తుపాకీ మందు, పైన రవ్వ వేసి, గుండు లేకుండా పేలిస్తే కేసు చాంబర్ ఆకారానికి సాగుతుంది. ఇక్కడివాళ్లు దీనికి వాడేది క్రీమ్ ఆఫ్ వీట్. మన బొంబాయి రవ్వకు అన్నదమ్ముడే. మొదటి విడతలో మెత్తబరచకుండా 40 కేసులు పేలిస్తే 11 మూతి దగ్గర చీలిపోయాయి. మెత్తబరిచాక 20లో ఒక్కటే పోయింది. తర్వాత మామూలుగా కేపు (మందును అంటించే చిన్న మూత), మందు, అట్టబిళ్ల, పెల్లెట్లు, పైన ఇంకో అట్టబిళ్ల, దాని అంచు చుట్టూ జిగురు. మందు తూకం ఇక్కడ రాయను. నా తుపాకీకి సరిపోయింది మీదానికి సరిపోవాలని లేదు. ముందు తుపాకీని గన్‌స్మిత్‌కి చూపించండి, తూకం అచ్చయిన పట్టికల్లోంచే తీసుకోండి. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం లైసెన్సుల చట్టం చూసుకోకుండా ఇందులో వేలు పెట్టొద్దు.

పనితనం సంగతికొస్తే, నాలుగు కిలోల బరువు, తన్నుడు దాదాపు లేదు. బోల్ట్ వెన్నలా జారుతుంది, తొమ్మిదేళ్లలో ఒక్క స్ప్రింగ్ కూడా మార్చలేదు. 20 గజాల లోపు డబ్బాలు కొట్టడానికి బాగుంటుంది, ఆ పైన పెల్లెట్లు చెదిరిపోతాయి. వేటకు పనికొస్తుందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ట్రిగ్గర్ మొండిది.

ప్రస్తుతం నా దగ్గర బాగున్న కేసులు 37, హార్లిక్స్ సీసాలో ఉన్నాయి. మొన్న ఒకాయన తుపాకీ అమ్ముతావా అని అడిగాడు. రేటు కుదిరితే చూద్దామన్నాను. సీసా కూడా కలిపి ఇవ్వమన్నాడు, బేరం అక్కడే చెడింది.