ఖండాంతర స్నేహపూర్వక టోర్నీయా, సొంత మైదానంలో శిబిరమా?

లీగ్ మొదలయ్యే ముందు యూరప్‌లోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులకు ఏటా ఇదే తర్జనభర్జన.

రాబడి: టోర్నీదే పైచేయి. 2014లో ఇంటర్నేషనల్ చాంపియన్స్ కప్ అనే ఇలాంటి స్నేహపూర్వక టోర్నీలో మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్ ఆట చూడటానికి అమెరికాలోని మిషిగన్ స్టేడియానికి 1,09,318 మంది వచ్చారు. శిబిరానికి ఖర్చే తప్ప టికెట్ల సొమ్ము రాదు.

శ్రమ: టోర్నీలో సుదీర్ఘ విమాన ప్రయాణాలు, తప్పిన నిద్ర, స్పాన్సర్ల కార్యక్రమాలు. శిబిరంలో సాధన, విశ్రాంతి.

ముప్పు: గాయం రెండుచోట్లా పొంచే ఉంటుంది. కానీ మ్యాచ్ వేడి వేరు. 2019 జులైలో ఇదే టోర్నీలో ఆర్సెనల్‌పై గోల్ కొట్టిన కాసేపటికే రియల్ ఆటగాడు మార్కో అసెన్సియో మోకాలి లిగమెంట్ తెగింది. స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లారు. మళ్లీ మైదానంలోకి వచ్చింది 2020 జూన్‌లోనే. పేరుకే స్నేహపూర్వకం!

ఫలితం: ఆ 2019 జులైలోనే, అదే నగరానికి చెందిన అట్లెటికో మాడ్రిడ్ 7-3తో రియల్‌ను చిత్తు చేసింది. ఆ సీజన్‌లో లా లిగా (స్పెయిన్ లీగ్) టైటిల్ మాత్రం రియల్‌దే. స్నేహపూర్వక మ్యాచ్‌ల స్కోరు చూసి మురిసిపోవడం దండగ.

దూరదేశాల్లో అభిమానులను పెంచుకోవాలనుకునే క్లబ్బుకు, బెంచి బలం (మంచి ప్రత్యామ్నాయ ఆటగాళ్లు) ఉంటే, టోర్నీ మేలు. కోచ్ కొత్తవాడైనా, సీజన్ ఆరంభంలోనే అర్హత మ్యాచ్‌లు ఉన్నా శిబిరానికే నా ఓటు.