పాముల వెంట తిరిగే రేడియో రిసీవర్: ఏళ్లు వాడాక నా అభిప్రాయం

నర్సంపేట దాటాక పాఖాల వైపు పొలాల్లో, అడవి అంచుల్లో రక్తపింజరల వెంట, వాటి ఒంట్లో పెట్టిన ట్రాన్స్‌మిటర్ పంపే రేడియో సిగ్నల్‌ను బీప్‌గా వినిపించే ఈ వీహెచ్‌ఎఫ్ రిసీవర్, సిగ్నల్ వచ్చే దిక్కు చెప్పే మూడు పుల్లల యాగి యాంటెన్నా పట్టుకుని ఫీల్డ్ అసిస్టెంట్‌గా ఏళ్ల తరబడి తిరిగాను. జీపీఎస్ ఉండగా ఇదెందుకని అందరూ అడుగుతారు. పులికైతే మెడకు పట్టీ కడతారు, పాముకు ఎక్కడ కడతాం? పైగా అది పుట్టలోనో ఎలుక బొరియలోనో దూరితే ఉపగ్రహాల సిగ్నల్ అందదు. అందుకే వెటర్నరీ డాక్టర్ మత్తిచ్చి చిన్న ట్రాన్స్‌మిటర్‌ను పాము ఒంట్లోనే పెట్టి కుట్లేస్తారు, దాని బరువు పాము బరువులో 5 శాతం దాటకుండా చూస్తారు.

చదునైన వరి పొలాల్లో రిసీవర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, బీప్ గట్టిగా వినిపించే దిక్కుకు నడుస్తూ గెయిన్ (సిగ్నల్‌ను పెంచి వినిపించే మోతాదు) తగ్గించుకుంటూ పోతే చివరికి ఏ గట్టు మీది పొదలో ఉందో కూడా తెలిసిపోతుంది. గుట్టల దగ్గర మాత్రం నమ్మొద్దు. రాళ్లకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ వేరే దిక్కు చూపిస్తుంది, రెండు మూడు వైపుల నుంచి వినాల్సిందే. హైటెన్షన్ లైన్ల కింద ఒకటే గరగర. అన్నిటికంటే నాసిరకం యాంటెన్నాను రిసీవర్‌కు కలిపే కేబుల్: వంగే చోట తెగుతుంది, వానల్లో కనెక్టర్‌లోకి నీళ్లు దిగుతాయి, స్పేర్ లేకుండా అడుగు బయట పెట్టొద్దు.

ఇంకో సంగతి, మనం వెళ్లినప్పుడు పాము దొరికిన చోట్లే చుక్కలుగా మ్యాప్ మీదికొస్తాయి. రక్తపింజర రాత్రి తిరిగే పాము కాబట్టి పగలు మాత్రమే వెళ్తే అది పడుకున్న చోట్లు తెలుస్తాయి గానీ వేటాడే చోట్లు తెలియవు. రాత్రి నడకకు ఓపిక ఉంటేనే ఆ చుక్కల్ని కలిపి గీసిన ఇలాకాకు, అంటే పాము మామూలుగా తిరిగే ప్రాంతానికి, అర్థం ఉంటుంది.

నాకు ఈ పని మీద ఇంత పట్టుదల రావడానికి కారణం ఆ ఇలాకానే. ఊళ్లో పట్టిన పామును బండి మీద తీసుకెళ్లి దూరంగా తాడ్వాయి అడవిలో వదిలితే దాన్ని కాపాడినట్టే అనుకుంటాం. అలా దూరం తీసుకెళ్లి వదిలిన పాములను రేడియోతో వెంబడించిన చాలా అధ్యయనాల్లో అవి తమ ఇలాకా కాని చోట దారీతెన్నూ తెలియక మామూలు కంటే ఎక్కువ తిరిగాయని, చావులు కూడా ఎక్కువేనని తేలింది. పాములు పట్టే తమ్ముళ్లారా, దయచేసి పట్టిన చోటికి దగ్గర్లోనే, జనం లేని చోట వదలండి.

కొనాలనుకునేవాళ్లకు: ముందు అటవీశాఖ అనుమతి, ఆ తర్వాతే రిసీవర్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పాముకూ వర్తిస్తుంది. ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ అయిపోయేలోపు పామును మళ్లీ పట్టి ఆపరేషన్ చేయించి తీయించే డాక్టర్‌ను, డబ్బును ముందే చూసుకోండి.