చలికాలపు క్షవరానికి షేవింగ్ సబ్బు, బ్రష్షు, రెండంచుల రేజరు: తిరుపతి నీళ్లతో వాడి చూసిన సమీక్ష

గుండ్రటి డబ్బాలో వచ్చే షేవింగ్ సబ్బు, సింథటిక్ కుచ్చు ఉన్న బ్రష్షు, రెండంచుల బ్లేడును బిగించుకునే స్టీలు రేజరు అనే మూడు వస్తువులను తిరుపతి చలికాలంలో, ఇక్కడి బోరు నీళ్లతో వాడిన అనుభవం మీద ఈ సమీక్ష రాస్తున్నాను. చలి మొదలయ్యాక గడ్డం గీసుకుంటే చర్మం మండుతోందని, గీతలు పడుతున్నాయని చెప్పేవారిలో చాలామంది రేజరు మార్చాలని చూస్తారు. మార్చవలసింది రేజరును కాదని, బ్లేడు ముఖం మీద పెట్టడానికి ముందు జరిగే పనిని అని నా నిశ్చితాభిప్రాయం. ఆ పనికి ఈ మూడింటిలో ఏది ఎంత ఉపయోగపడిందో చెప్పడమే నా ఉద్దేశం.

తిరుపతి చలి ఉత్తరాది చలి లాంటిది కాదన్నది నిజమే. కొండ కింద ఉన్న మనకంటే, సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉన్న తిరుమలలోను, అంతకంటే ఎత్తయిన హార్స్‌లీ హిల్స్‌లోను తెల్లవారుజామున చలి బాగా ఎక్కువ. పైగా నవంబరులోను, డిసెంబరు మొదట్లోను ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి కాబట్టి గాలిలో తేమకు లోటుండదు, చర్మానికి పెద్ద ఇబ్బందీ తెలియదు. ఆ వానలు వెనక్కి తగ్గి, తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే ధనుర్మాసం సగానికి వచ్చేసరికి గాలి పొడిబారడం మొదలవుతుంది. మేడ మీది ట్యాంకులో రాత్రంతా చల్లబడిన నీళ్లు తెల్లవారి కుళాయి తిప్పగానే చేతికి కొరుకుతున్నట్టు తగులుతాయి. గడ్డం గీసుకునే పద్ధతి ఎప్పుడు మార్చుకోవాలో తెలుసుకోవడానికి ఉష్ణమాపకం అక్కరలేదు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది కాబట్టి, అలమరలోని సీసాలో నూనె తెల్లగా గడ్డకట్టి కనిపించిన రోజు నుంచి వేడినీళ్లు పెట్టుకోవడం మొదలుపెట్టాలి.

చల్లటి నీళ్లు తగిలినప్పుడు ముఖానికి రెండు విధాల కష్టం కలుగుతుంది. వెంట్రుకల కుదుళ్ల దగ్గరి సన్నని కండరాలు బిగుసుకుని గగుర్పాటు వచ్చినట్టు చర్మం చిన్న చిన్న బుడిపెలుగా లేస్తుంది, ఆ బుడిపెల తలలను బ్లేడు కోసుకుంటూ పోతుంది. రెండోది, వెంట్రుక త్వరగా నానదు. బాగా నానిన వెంట్రుక తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పీల్చుకుని మెత్తబడగలదు, గోరువెచ్చటి నీళ్లలో ఇది రెండు మూడు నిమిషాల్లో జరిగే పని. నానని గడ్డం మీద ఎంత మంచి బ్లేడు పెట్టినా అది కోయకుండా లాగుతుంది. మంట పుట్టేది అక్కడే.

ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు వేసేది బ్రష్షుకూ సబ్బుకూ. వేసవిలో చేత్తో రాసుకున్న క్రీముతోనో, డబ్బా నొక్కితే వచ్చే నురగతోనో పని గడిచిపోతుంది. చలికాలంలో డబ్బా నురగ చాలదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ద్రవరూపంలో కుదించిన వాయువు వ్యాకోచిస్తూ ఆ నురగను బయటకు తోస్తుంది కాబట్టి అది చల్లగానే వస్తుంది, అందులో గాలి పాలు ఎక్కువ, వెంట్రుక కుదురు దాకా నీటిని చేర్చే శక్తి తక్కువ. బ్రష్షును వేడినీళ్లలో ముంచి, విదిలించి, సబ్బు మీద తిప్పి, ముఖం మీద గుండ్రంగా రుద్దితే నీళ్లు, వేడి, సబ్బు మూడూ ఒకేసారి చర్మానికి చేరతాయి. కుచ్చు పోచలు వాలిన వెంట్రుకలను లేపి నిలబెడతాయి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసే క్షురకులు ముందుగా తలను నీళ్లతో తడిపి చేత్తో బాగా మర్దన చేస్తారు. అక్కడ చెయ్యి చేసే పనిని ఇంట్లో బ్రష్షు చేస్తుంది.

కుచ్చు ఎంపికలో సింథటిక్ వైపే నేను మొగ్గుతాను. పంది వెంట్రుకల కుచ్చు మొదట బాగా నానితే గాని మెత్తబడదు, చలికాలంలో ఆరడానికీ ఎక్కువసేపు పడుతుంది. సింథటిక్ కుచ్చు నానబెట్టవలసిన పని లేదు, విదిలిస్తే చాలావరకు ఆరిపోతుంది, శాకాహార నియమం ఉన్న ఇళ్లలో దాని గురించి అభ్యంతరమూ ఉండదు. గాంధీ రోడ్డు చుట్టుపక్కల ఫ్యాన్సీ దుకాణాల్లో మామూలు బ్రష్షులు దొరుకుతాయి గాని, కుచ్చు ఒత్తుగా ఉన్నది కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే.

సబ్బు విషయంలో కంపెనీ పేరు కంటే డబ్బా మీద అచ్చువేసిన పదార్థాల జాబితా ముఖ్యం. స్టియరిక్ ఆమ్లం, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిసి తయారైన సబ్బే చిక్కటి, నిలిచే నురగనిస్తుంది, గ్లిజరిన్ ఆ నురగలోని తడిని త్వరగా పోనివ్వదు. జాబితాలో గ్లిజరిన్ ముందువైపు కనిపించే సబ్బు చలికాలానికి మేలు. ఒంటికి రాసుకునే సబ్బుతో గడ్డం గీసుకునే అలవాటు మన జిల్లాలో ఇంకా ఉంది. ఎండాకాలంలో దానికి నేను అడ్డు చెప్పను గాని, పుష్యమాసంలో మాత్రం వద్దనే అంటాను.

అయితే ఎంత మంచి సబ్బయినా ఇక్కడి నీళ్ల దగ్గర చిక్కుపడుతుంది. తిరుపతిలో బోరు మీద ఆధారపడిన ఇళ్లలో బకెట్లో పెట్టే హీటర్ రాడ్డుకు తెల్లటి పెచ్చు కట్టడం అందరూ చూసేదే. ఆ పెచ్చుకు కారణమైన కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి, నురగ లేచినట్టే లేచి రెండు గీతలు గీసేలోపు కూలిపోతుంది. చాలామంది దీన్ని సబ్బు లోపమని అనుకుని ఇంకో సబ్బు కొంటారు. నురగ కోసం కావలసింది అరగ్లాసు నీళ్లే కాబట్టి, తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లనో, ఇంట్లో ఆర్‌ఓ ఉంటే ఆ నీళ్లనో కాచి వాడితే, అదే సబ్బు పెరుగు మీగడలా నిలుస్తుంది. కడుక్కోవడానికి బోరు నీళ్లు చాలు.

గడ్డం గీసుకునే పద్ధతుల గురించి చెప్పేవారు సాధారణంగా స్నానం చేశాక గీసుకోమంటారు. శరీరశాస్త్రం ప్రకారం ఆ సలహా సరైనదే, కానీ క్షవరం అయ్యాక స్నానం చేయనిదే వంటింట్లోకి, పూజగదిలోకి అడుగుపెట్టని ఇళ్లు మన ప్రాంతంలో ఎక్కువ కాబట్టి అది ఇక్కడ నడవదు. అందుకు బదులు చిన్న తువ్వాలును వేడినీళ్లలో ముంచి పిండి, గడ్డం మీద, మెడ మీద రెండు నిమిషాలు అదిమి పట్టుకోవాలి. చల్లారితే మళ్లీ ముంచాలి. నీళ్లు మణికట్టు మీద పోసుకుంటే సుఖంగా ఉండేటంత వేడి చాలు. పొగలు కక్కే నీళ్లు చర్మంలోని సహజమైన జిడ్డును కడిగేసి పొడిబారడాన్ని ఇంకా పెంచుతాయి. నురగ కలిపే గిన్నెను, రేజరును కూడా ఆ వేడినీళ్లలోనే కాసేపు ఉంచితే స్టీలు చల్లదనం ముఖానికి తగలదు.

రేజరు గురించి చెప్పవలసింది తక్కువే. కింగ్ క్యాంప్ జిల్లెట్ 1904లో అమెరికాలో పేటెంటు పొందిన అమరికే ఈనాటికీ రెండంచుల రేజరుకు ఆధారం. సుమారు ముప్పై డిగ్రీల వాలులో పట్టుకుని, ఒత్తిడి పెట్టకుండా రేజరు బరువుతోనే జారనివ్వాలి. చలికాలానికని వేరే రేజరు అక్కరలేదు, ఉన్న బ్లేడును కాస్త ముందుగా మార్చుకుంటే సరిపోతుంది. వెంట్రుక వాలు వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి గీసి ఆపేయాలి, ఎదురు గీయడాన్ని ఫాల్గుణం దాకా వాయిదా వేయాలి. రెండంచుల రేజరు నేర్చుకునే తీరిక లేనివారు, చెంబుడు నీళ్లతో గీసుకునేవారిని దృష్టిలో పెట్టుకుని 2010లో భారతదేశంలో విడుదల చేసిన జిల్లెట్ గార్డ్ లాంటి ఒంటి బ్లేడు రేజరుతోనే కొనసాగవచ్చు. తువ్వాలు, బ్రష్షు మాత్రం మానకూడదు.

గీసుకున్న తర్వాత రాసుకునేవాటిలో రెండింటిని చలికాలంలో పక్కన పెట్టాలి. మెంథాల్ కలిపిన క్రీములు, లోషన్లు నిజానికి చర్మాన్ని చల్లబరచవు, చల్లదనాన్ని గుర్తించే నాడులను ప్రేరేపిస్తాయి. ఏప్రిల్‌లో హాయిగా ఉండే ఆ అనుభూతి జనవరిలో ఇబ్బందే. ఆల్కహాలు ఎక్కువగా ఉన్న ఆఫ్టర్‌షేవ్ చర్మంలోని తడిని లాగుతుంది. పటిక పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది, రక్తం ఆపడంలో దానికి సాటి లేదు. అయినా ఈ నెలల్లో ముఖమంతా రుద్దకుండా, తెగినచోట మాత్రమే అద్ది, అరనిమిషం తర్వాత కడిగేయాలి. స్నానమయ్యాక ముఖంలో ఇంకా తడి ఉండగానే పన్నీరులో కలిపిన గ్లిజరిన్‌ను పలుచగా రాసుకోవాలి. నీళ్లు కలపని గ్లిజరిన్ పొడిగాలిలో చర్మంలోని నీటినే పీల్చుకుంటుంది. దాని మీద అరచేతిలో కరిగించిన రెండు చుక్కల కొబ్బరి నూనె రాస్తే తడి నిలుస్తుంది. మొటిమలు వచ్చే చర్మమున్నవారు నూనె మానడం మంచిది.

మంగళ, శుక్ర, శని వారాల్లో క్షవరం చేసుకోనివారికి గడ్డం మూడు రోజుల ఎత్తు పెరిగి గట్టిపడుతుంది కాబట్టి ఆదివారం నాడు తువ్వాలు సమయాన్ని కొంచెం పెంచాలి. మండల దీక్ష పూర్తిచేసుకుని శబరిమల నుంచి తిరిగివచ్చే అయ్యప్ప స్వాముల సంగతి ఇంకా వేరు. నలభై ఒక్క రోజుల గడ్డం సరిగ్గా చలి ముదిరే రోజుల్లోనే తీయవలసి వస్తుంది. దాన్ని ముందు కత్తెరతోనో, ట్రిమ్మరుతోనో చర్మానికి దగ్గరగా కత్తిరించి, వేడి తువ్వాలు రెండుసార్లు పెట్టి, బ్రష్షుతో నురగను మామూలుకంటే ఎక్కువసేపు రుద్ది, ఆ మొదటి రోజున వాలు వెంట ఒక్కసారి మాత్రమే గీయాలి. మిగిలిన గరుకు మరునాడు రెండో క్షవరంలో తేలికగా పోతుంది. సెలూన్‌లో తీయించుకునేవారు కుర్చీలో కూర్చోగానే వేడినీళ్లు అడగాలి, లేవంటే ఫ్లాస్కులో తమతో తీసుకెళ్లాలి.