గన్నేరా, ఎడారి గులాబీనా, మందారమా: పసిపిల్ల తిరిగే ఇంటికి ఏది మేలు?

సైనిక్‌పురిలోని మా ఇంటి ప్రహరీ పక్కన పచ్చగన్నేరు చెట్టు నేను కాపురానికి వచ్చేనాటికే ఉంది. అత్తయ్య రోజూ తెల్లవారుతూనే నాలుగు గంటపూలు కోసి శివుడి పటానికి పెట్టేవారు. గరళం మింగినవాడికి విషపు పూలంటేనే ఇష్టమని నవ్వేవారు కూడా. పాపకు రెండేళ్లు నిండాక ఆ నవ్వు ఆగింది. ఒక మధ్యాహ్నం అది చెట్టు కింద చతికిలబడి, రాలిన కాయను రెండు చేతులా పట్టుకుని నోటిదాకా తెచ్చింది. నున్నగా, ఆకుపచ్చగా, మూలలు తేలిన కాయ. చూస్తే మామిడి పిందేమో అనిపిస్తుంది. లాక్కుని, వేళ్ల సందుల్లో అంటిన పాలు సబ్బుతో కడిగాక గానీ నాకు వణుకు పుట్టలేదు.

చెట్టు తీసేయాలని ఆ రోజే అనుకున్నాం. దాని చోట ఏది పెట్టాలన్నదే తేలలేదు. అత్తయ్యకు పూలు కావాలి, నాకు పిల్ల క్షేమం కావాలి, మే నెల ఎండకు మొక్క బతకాలి.

నర్సరీ అతను మొదట చూపించింది ఎర్రగన్నేరు. "పెట్టుకోండమ్మా, మేక కూడా ముట్టదు" అన్నాడు. రోడ్ల డివైడర్ల మీద దాన్ని అంతగా నాటడానికి కారణం అదే: నీరు పెద్దగా అడగదు, పొగకు తట్టుకుంటుంది, పశువు మేయదు. కానీ పశువుకున్న తెలివి రెండేళ్ల పిల్లకు ఎక్కడిది? గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. ఎండినా పోదు, ఉడికించినా పోదు, కాలిస్తే పొగ కూడా ప్రమాదమే. వాంతులతో మొదలై గుండె లయ తప్పుతుంది. పచ్చగన్నేరు విషమూ గుండె మీదే పనిచేస్తుంది, అయితే అది ఎక్కువగా చేరేది గింజలో. ఈ రెంటిలో ఒకటే ఎంచుకోమంటే నేను ఎర్రదానికే ఓటు వేస్తాను. దాని ఆకు చేదు, కాయ సన్నగా చిక్కుడులా ఉండి పిల్లలను పిలవదు. పచ్చదైతే కాయను తెచ్చి పిల్ల ఒడిలోనే పడేస్తుంది.

అయినా ఎర్రదాన్నీ కొనలేదు. కారణం తీర్థం. మా ఇంట్లో పూజ కాగానే పాప చేయి చాపుతుంది, ఆ చెంబులో అప్పుడప్పుడు ఒక పువ్వు తేలుతూ ఉంటుంది. కేరళలో తిరువితాంకూరు దేవస్వం బోర్డు 2024 మే నెలలో నైవేద్యంలో, ప్రసాదంలో ఈ పూల వాడకాన్ని ఆపించింది. వాళ్లు అరళి అనేది మన గన్నేరునే. ఆ వార్త చదివి వినిపించాక అత్తయ్య వాదన మానేశారు.

ఇక నా తెలివితక్కువతనం చెప్పాలి. నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో ఎడారి గులాబీని చూసి మనసు పారేసుకున్నాను. బొద్దు కాండం, గులాబీ రంగు పూలు, వారానికోసారి నీళ్లు చాలు. గన్నేరు కంటే ఎక్కువ ధర పెట్టి తెచ్చి మెట్ల మీద పెట్టాను. అది గన్నేరు కుటుంబంలోదేనని, ఆఫ్రికాలో దీని రసాన్ని బాణాల మొనలకు పూసేవారని తరువాత తెలిసింది. పైగా కుండీ ఎత్తు సరిగ్గా పాప మూతి దగ్గరకు వస్తుంది! ఇప్పుడది మేడ మీద, తాళం వేసిన తలుపు అవతల ఉంది.

బాల్కనీలో మచ్చల ఆకుల డిఫెన్‌బాకియా పెంచేవాళ్లకు ఒక్క మాట: అది ప్రాణం తీయడం అరుదు, కానీ నమిలితే సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకుని నాలుక, గొంతు వాస్తాయి. పై అరకు ఎక్కించండి. బిళ్లగన్నేరు ఆకును చక్కెర జబ్బుకని పొద్దున్నే పార్కుల్లో నమిలే పెద్దలకూ ఒక మాట. అందులోంచే కాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ తీస్తారు. అలాంటి ఆకును కొలత లేకుండా మింగడం వైద్యం ఎలా అవుతుంది?

చివరికి మందారం నాటాం. పువ్వు తిన్నా భయం లేదు. కష్టమంతా పెంపకంలోనే. మా వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, దీనికి వేసవిలో రోజూ నీళ్లు కావాలి. మొగ్గ తొడిగే వేళకు పిండినల్లి పడుతుంది, వేపనూనెలో కాస్త సబ్బునీళ్లు కలిపి చల్లుతూ ఉండాలి. గన్నేరు ఇవేవీ అడగదు. అయినా నేను ఎంచుకున్నది మందారాన్నే. పిల్ల పెద్దదై మాట వినే వయసు వచ్చాక కావాలంటే గోడ అవతల ఎర్రగన్నేరు వేసుకోవచ్చు. ఎవరింట్లోనైనా పిల్లలు ఇలాంటి ఆకో కాయో నమిలితే వాంతి చేయించబోకండి. నోరు తుడిచి, ఆ కొమ్మ ముక్కను వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

మిగిలింది చవితి పత్రి. బజారులో కొనే ఆ కట్టలో కరవీరం, దత్తూరం, అర్కం ఉంటాయి, అంటే గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు. ఉమ్మెత్త మతి తప్పిస్తుంది, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఈసారి ఆ మూడింటినీ నేనే ఏరి, ఉండ్రాళ్ల పళ్లానికి దూరంగా పీట వెనక్కి పెట్టాను. అత్తయ్య ఏమీ అనలేదు. మందారాల బుట్టను మాత్రం పాప వైపు జరిపారు.