కోర్టు రికార్డే స్క్రిప్టు: హెచ్‌బీఓ చికాగో కుట్ర కేసు

ఊహించి రాసిన కోర్టు డ్రామాలో లాయర్ రెండు నిమిషాలు ఏకధాటిగా ప్రసంగిస్తే గదంతా నోరు మూసుకుని వింటుంది. 1987లో జెరెమీ కేగన్ అమెరికా టీవీ ఛానెల్ హెచ్‌బీఓ కోసం తీసిన ‘కాన్‌స్పిరసీ: ద ట్రయల్ ఆఫ్ ద చికాగో 8’లో అలా కుదరదు. 1968లో చికాగోలో వియత్నాం యుద్ధ వ్యతిరేక నిరసనల పేరుతో అల్లర్లకు కుట్ర చేశారంటూ ఎనిమిది మంది మీద నడిచిన కేసు ఇది. దాని సంభాషణలకు ఆధారం కోర్టు రికార్డే. సగం మాటలు అభ్యంతరాలకే తెగిపోతుంటాయి. ఈ టెలీఫిల్మ్ గొప్పతనం అదే.

ముద్దాయిల్లో ఒకడైన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు బాబీ సీల్ ఘట్టం కోసమైనా చూడాలి. సీల్ తరఫు లాయర్ చార్లెస్ గ్యారీకి ఆపరేషన్ ఉంది. వాయిదా అడిగితే జడ్జి జూలియస్ హాఫ్‌మన్ ఒప్పుకోలేదు. పోనీ నా కేసు నేనే వాదించుకుంటానని సీల్ అంటే అదీ కుదరదన్నాడు, మిగతా ముద్దాయిల లాయర్ కన్‌స్లర్ నీకూ లాయరేగా అన్నాడు. ఈ వరస తెలియకపోతే సీల్ ఊరికే కేకలేస్తున్నాడనిపిస్తుంది. 1969 అక్టోబరు 29న ఆయన్ని కుర్చీకి కట్టేసి నోటికి గుడ్డ బిగించారు. ఆ గుడ్డ వెనక నుంచి కూడా ఆయన తన హక్కే అడిగాడు. సీల్‌గా కార్ల్ లంబ్లీ, జడ్జిగా డేవిడ్ ఒపటోషు ఎదురెదురుగా ఉన్నప్పుడు తెర మీంచి చూపు తిప్పుకోలేం.

మధ్యమధ్య అసలు ముద్దాయిలే వచ్చి మాట్లాడతారు. బిగువు కాస్త సడలుతుంది నిజమే, కానీ ‘ఇంత ఘోరం నిజంగా జరిగిందా’ అన్న సందేహానికి జవాబు వాళ్ళే.

ఇబ్బందల్లా కుదింపుతోనే. దాదాపు అయిదు నెలల విచారణ రెండు గంటల్లో ఇమడాలి కాబట్టి సాక్షులు గబగబా వచ్చి వెళ్ళిపోతారు. జడ్జి హాఫ్‌మన్, ముద్దాయి ఆబీ హాఫ్‌మన్ బంధువులు కారని మొదటే గుర్తుపెట్టుకోండి. అభియోగాల్లో ముఖ్యమైనవి రెండు: కుట్ర ఒకటి, అల్లర్లు రేపే ఉద్దేశంతో రాష్ట్రం సరిహద్దు దాటడం ఇంకొకటి. ఈ తేడా పట్టుకోకపోతే తీర్పు అర్థం కాదు. కుట్ర ఎవరి మీదా రుజువు కాలేదు. రెండోదాని కింద 5 మందికి తలా 5 ఏళ్ళ జైలు, 5,000 డాలర్ల జరిమానా పడ్డాయి. 1972లో అప్పీలు కోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది.

ఇదే కేసు మీద 2020లో వచ్చిన సినిమా ‘ద ట్రయల్ ఆఫ్ ద చికాగో 7’ (సీల్ కేసును మధ్యలో విడదీశాక మిగిలింది ఏడుగురే) చూసినవాళ్ళు ఒకటి సరిచూసుకోవాలి. అందులో చివర ముద్దాయి టామ్ హేడెన్ వియత్నాం యుద్ధంలో చనిపోయినవారి పేర్లు చదువుతాడు. నిజానికి ఆ పేర్లు చదవబోయింది మరో ముద్దాయి డేవిడ్ డెల్లింజర్, అదీ విచారణ మొదట్లోనే, 1969 అక్టోబరు 15న.