కాలి బైపాస్‌కు ముందు: బ్లేడా, క్లిప్పరా, అసలు వదిలేయడమా?

మా మామయ్యకు కాలి రక్తనాళం పూడుకుపోతే బైపాస్ చేయాలన్నారు. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి వార్డ్ బాయ్ సబ్బునీళ్లు, కొత్త బ్లేడు పట్టుకొచ్చాడు. "పార్ట్ ప్రిపరేషన్ సార్, ఐదు నిమిషాలు" అంటూ గజ్జల్లో వెంట్రుకలు నున్నగా గీసేశాడు. పొద్దున చూస్తే అక్కడంతా ఎర్రటి సన్న గాట్లు. వారం తిరక్కుండానే గజ్జల కుట్ల దగ్గర చీము పట్టింది. బ్లేడు వల్లేనని తేల్చి చెప్పలేం, ఆయనకు షుగర్ కూడా ఉంది. కానీ నా అనుమానం దాని మీదే.

బ్లేడు చవక, అందరికీ చేయి తిరిగిన పని. అయితే ఆ గాట్లలో రాత్రంతా బ్యాక్టీరియా పెరుగుతుంది. 1971లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో బ్లేడుతో గీసినవాళ్లలో 5.6 శాతం మందికి గాయం చీము పట్టింది. వెంట్రుకలు తీయనివాళ్లలో అది 0.6 శాతమే. ఆపరేషన్‌కు ఎంత ముందుగా గీస్తే అంత ముప్పని కూడా అందులో తేలింది.

వెంట్రుకలు తీసే క్రీముతో గాటు పడదు గానీ దద్దుర్లు రావచ్చు. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్లకైతే చర్మం కాలినా తెలియదు. నేను దాని జోలికి పోను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టంగానే చెప్పింది: వెంట్రుకలు తీయొద్దు, తప్పనిసరైతే క్లిప్పరే వాడాలి, బ్లేడు ఎప్పుడూ వద్దు. క్లిప్పర్ వెంట్రుకను చర్మానికి కాస్త పైన కత్తిరిస్తుంది. కాకపోతే దాని బ్లేడు తల మనిషి మనిషికీ మార్చాలి, లేకపోతే ఒకరి క్రిములు ఇంకొకరికి అంటుకుంటాయి.

నా ఓటు? రక్తం సరిగా అందని పిక్కల మీద వెంట్రుకలు ఎటూ చాలావరకు రాలిపోయి ఉంటాయి, మిగిలినవాటిని వదిలేయడమే. గజ్జల్లో అడ్డమొస్తే క్లిప్పర్, అదీ ఆపరేషన్ రోజునే. గజ్జలు చెమట పట్టే మడత, మలమూత్ర ద్వారాలకు దగ్గర. బైపాస్‌లో రక్తానికి పక్కదారిగా అక్కడ పెట్టిన కృత్రిమ గొట్టానికి చీము చేరితే ఒట్టి మందులతో లొంగడం కష్టం, ఒక్కోసారి గొట్టాన్నే తీసేయాలి. మామయ్యకు సొంత కాలి సిరనే వాడారు కాబట్టి డ్రెస్సింగులతో గట్టెక్కాడు.

ఏడాదికి రెండో కాలికీ ఆపరేషన్ పడింది. ఈసారి నేనే ముందుగా అడిగాను. "క్లిప్పర్ ఉందండీ, రేపు పొద్దున వాడతాం" అంది సిస్టర్. మామయ్య మాత్రం "వాళ్లకెందుకమ్మా శ్రమ, నేనే గీసుకుంటా" అని ఇంటి నుంచి రేజర్ తెచ్చుకున్నాడు. దాన్ని తీసుకుని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.